తొమ్మిది హైదరాబాద్‌లో, పది కాలిఫోర్నియాలో

మా అమ్మాయి తొమ్మిదో తరగతి హైదరాబాద్‌లో సీబీఎస్ఈ స్కూల్లో చదివింది. మార్చిలో పరీక్షలు అయ్యాయి, జూన్‌లో విమానం ఎక్కాం, ఆగస్టులో బే ఏరియాలోని (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ప్రాంతం) ప్రభుత్వ హైస్కూల్లో పదో తరగతిలో చేరింది. మా వారి కంపెనీ బదిలీ అప్పుడు వచ్చింది కాబట్టి అప్పుడు కదిలాం, అంతే. "టెన్త్ సర్టిఫికెట్ లేకుండా పిల్లని తీసుకుపోతే రేపు ఎలాగమ్మా?" అని మా నాన్నగారు చివరి వరకూ అడుగుతూనే ఉన్నారు. ఆయన బెంగ ఊరికే కాదు. మన దగ్గర చదువుకే కాదు, పుట్టినతేదీకి కూడా ఆ సర్టిఫికెట్టే సాక్ష్యం.

నేను విజయవాడలో ఇంటర్ చదివాను. ఎంపీసీయా, బైపీసీయా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వచ్చింది, అదీ మా పెదనాన్నగారు చెప్పేశారు. ఆ తర్వాత ఏం చదువుతావని నన్నెవరూ అడగలేదు. ఇక్కడ అలా కాదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పిల్లల చేతికి వచ్చే ఏడాది కోర్సుల పుస్తకం ఇచ్చి, నింపి తెమ్మంటారు. హైస్కూల్ అంటే ఇక్కడ తొమ్మిది నుంచి పన్నెండు దాకా, కాబట్టి పదిహేనేళ్ల పిల్లకు నాలుగేళ్ల ప్రణాళిక కావాలి. మా దానికి అందులో ఒక ఏడాది అప్పటికే వేరే దేశంలో గడిచిపోయింది.

ఇక్కడ చదువుకు రెండు లెక్కలుంటాయి. ఒకటి హైస్కూల్ డిప్లొమా లెక్క. కాలిఫోర్నియా రాష్ట్రం కనీసంగా అడిగేది ఇంగ్లిష్ మూడేళ్లు, లెక్కలు రెండేళ్లు, సైన్స్ రెండేళ్లు, సోషల్ మూడేళ్లు, వ్యాయామ విద్య రెండేళ్లు, వీటితోపాటు కళలు, పరాయి భాష, వృత్తి విద్యలలో ఏదో ఒకటి ఒక ఏడాది. దాని మీద ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే స్థానిక ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ, తన షరతులు కలుపుకొంటుంది. మా డిస్ట్రిక్ట్‌లో మొత్తం 230 క్రెడిట్లు కావాలి. ఏడాది కోర్సుకు 10, సెమిస్టర్ కోర్సుకు 5.

రెండోది యూనివర్సిటీ లెక్క. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, అంటే బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో వగైరా యూసీ క్యాంపస్‌లు, వాటితోపాటు కాల్ స్టేట్ అనే ఇంకో ప్రభుత్వ వ్యవస్థలోని యూనివర్సిటీలు అడిగే జాబితాను 'ఎ టు జి' అంటారు. చరిత్ర, సోషల్ రెండేళ్లు; ఇంగ్లిష్ నాలుగు; లెక్కలు మూడు; సైన్స్ రెండు; ఇంగ్లిష్ కాని భాష రెండు; కళలు ఒకటి; అదనపు కోర్సు ఒకటి. మొత్తం పదిహేను. యూసీకి అయితే వీటిలో పదకొండు కోర్సులు పదకొండో తరగతి ముగిసేలోపే అయిపోవాలి. అన్నిట్లో కనీసం సి గ్రేడ్ రావాలి. డి వస్తే డిప్లొమాకు సరిపోతుంది, యూనివర్సిటీకి ఆ కోర్సు చదవనట్టే లెక్క. యూసీ 2021 నుంచి శాట్ అనే ప్రవేశ పరీక్ష మార్కులు చూడటం మానేసింది కాబట్టి ఏ కోర్సులు తీసుకున్నారు, ఏ గ్రేడ్లు వచ్చాయి అన్నదాని బరువు ఇంకా పెరిగింది.

మన వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తరచూ వినిపించే మాట, "ఎ టు జి పూర్తి చేస్తే చాలు, డిప్లొమా దానంతటదే వస్తుంది" అని. రాదు. వ్యాయామ విద్య యూనివర్సిటీకి అక్కర్లేదు, డిప్లొమాకు కావాలి. మా డిస్ట్రిక్ట్ అడిగే హెల్త్ కోర్సూ అంతే. అటునుంచి చూస్తే, డిప్లొమాకు లెక్కలు రెండేళ్లు చాలు, యూనివర్సిటీకి చాలవు. ఒక జాబితా ఇంకొక దానిలో ఇమడదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఏ కోర్సు ఏ గడిని నింపుతుందో చూసుకోవాలి. నేను ఒక పెద్ద కాగితం మీద గళ్లు గీసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. అమ్మాయికి అది మొదట్లో సిగ్గుగా ఉండేది, స్నేహితులు వస్తే తీసి దాచేది.

స్కూల్లో చేర్చేటప్పుడు టీకాల కాగితాలు, ఇంటి అద్దె ఒప్పందం మామూలే. జాగ్రత్తగా చూడాల్సింది ఇంటి భాష సర్వే. పిల్ల మొదట నేర్చిన భాష ఏది, ఇంట్లో ఏది మాట్లాడతారు అని అడుగుతారు. తెలుగు అని రాస్తే ఎల్పాక్ అనే ఇంగ్లిష్ పరీక్ష పెడతారు, చేరిన 30 రోజుల్లోపు. అందులో తగినంత రాకపోతే ఇంగ్లిష్ నేర్చుకునే విద్యార్థిగా నమోదు చేసి, అందుకు ప్రత్యేకంగా ఒక క్లాసు వేస్తారు. ఆ క్లాసు ఒక పీరియడ్ తినేయవచ్చు, యూనివర్సిటీ ఇంగ్లిష్ లెక్కలో అలాంటివి ఒక ఏడాదికి మించి చెల్లవు. అందుకే చాలామంది "ఇంగ్లిష్ అని రాసెయ్యండి, గొడవ వదులుతుంది" అన్నారు. ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా తెలుగులో పోట్లాడుకునేవాళ్లం, ఇంగ్లిష్ అని ఎలా రాస్తాం? తెలుగనే రాశాను. ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్ల, పరీక్ష సులువుగానే దాటింది. మీ పిల్లలకూ ఇంగ్లిష్ బాగా వస్తే నిజం రాయడానికి భయపడక్కర్లేదు. రాకపోతే ఆ సాయం వాళ్లకు నిజంగానే అవసరం.

తర్వాతది తొమ్మిదో తరగతి మార్కుల మదింపు. కోర్సుల ఎంపికలో దారి చూపే స్కూల్ కౌన్సెలర్ మంచావిడే, కాని ఆవిడ కింద వందల మంది పిల్లలు. సీబీఎస్ఈ మార్కుల షీట్ చూసి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, సైన్స్ అంటే ఏ సైన్స్ అని. ఇక్కడ బయాలజీ ఒక ఏడాది, కెమిస్ట్రీ ఒక ఏడాది, ఫిజిక్స్ ఒక ఏడాది. మన దగ్గర మూడూ కలిపి ఏటా కొంచెం కొంచెం వడ్డిస్తారు. సోషల్ కూడా అంతే, చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం ఒకే సబ్జెక్టు. నేను ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాల విషయసూచికలు ముద్రించి పట్టుకెళ్లాను. ఈ పని చాలా ఉపయోగపడింది. సబ్జెక్టు పేరు చూసి ఎవరూ ఏమీ తేల్చలేరు, విషయసూచిక చూస్తే మాట్లాడటానికి ఒక ఆధారం దొరుకుతుంది.

చివరికి ఆరు సబ్జెక్టులకు 60 క్రెడిట్లు ఇచ్చారు. అందులో నాకు నవ్వు తెప్పించింది వ్యాయామ విద్య. మార్కుల షీట్‌లో 'హెల్త్ అండ్ ఫిజికల్ ఎడ్యుకేషన్' ఎదురుగా ఉన్న ఎ గ్రేడ్ చూసి ఒక ఏడాది వ్యాయామం చేసినట్టు పది క్రెడిట్లు వేశారు. ఆ పీఈటీ పీరియడ్లలో సగం లెక్కల మేడమ్ సిలబస్ పూర్తిచేయడానికి తీసుకునేవారని మా అమ్మాయి కారెక్కాక చెప్పింది.

లెక్కల దగ్గర అసలు చిక్కు వచ్చింది. ఇక్కడి వరుస ఆల్జీబ్రా ఒకటి, జామెట్రీ, ఆల్జీబ్రా రెండు, ప్రీకాలిక్యులస్, కాలిక్యులస్. మన తొమ్మిదో తరగతి పుస్తకంలో బహుపదులూ ఉంటాయి, త్రిభుజాలూ వృత్తాలూ ఉంటాయి, హెరాన్ సూత్రమూ ఉంటుంది. స్కూల్ దాన్ని ఆల్జీబ్రా ఒకటిగా లెక్కించి, పదిలో జామెట్రీ వేస్తామంది. అలా వెళ్తే పన్నెండులో ప్రీకాలిక్యులస్‌తో ఆగిపోతుంది. ఇంజనీరింగ్ అనుకుంటున్న పిల్లకు కాలిక్యులస్ లేకపోవడం కుదరదని మా వారు పట్టుపట్టారు. జామెట్రీని దాటేసి నేరుగా ఆల్జీబ్రా రెండు తీసుకుంటే? పై స్థాయి కోర్సులో మంచి గ్రేడ్ వస్తే కింది ఆల్జీబ్రా చదివినట్టే యూసీ ఒప్పుకుంటుంది, కాని జామెట్రీకి ఆ వెసులుబాటు లేదు. ఆల్జీబ్రా రెండుకు బదులు డేటా సైన్స్ తీసుకుంటే అని కూడా ఒకరు సలహా ఇచ్చారు. ఆ దారిని యూసీ 2023లో మూసేసింది.

మిగిలింది పదో తరగతిలో జామెట్రీ, ఆల్జీబ్రా రెండు ఒకేసారి చదవడం. రోజుకు ఆరు పీరియడ్లు. ఇంగ్లిష్, ప్రపంచ చరిత్ర, బయాలజీ, వ్యాయామం, ఈ రెండు లెక్కలు. నిండిపోయింది. మరి పరాయి భాష ఎక్కడ?

ఇక్కడ మమ్మల్ని ఆదుకున్నది తెలుగు. ఒకటో తరగతి నుంచి తొమ్మిది దాకా రెండో భాషగా చదివింది. యూసీ అడిగేది రెండేళ్ల కోర్సు, లేదా దానికి సమానమైన భాషా సామర్థ్యం. దాన్ని స్కూల్ ధ్రువీకరించే వీలుంది. కౌన్సెలర్‌కు ఇది కొత్త, డిస్ట్రిక్ట్‌ను అడగాల్సి వచ్చింది. ఆరో తరగతి నుంచి మార్కుల షీట్లు, హైదరాబాద్ స్కూల్ ప్రిన్సిపాల్ సంతకంతో ఉత్తరం ఇచ్చాం. కొన్ని వారాలు ఎదురుచూశాక ఒప్పుకున్నారు. స్పానిష్ రెండేళ్లు పెట్టి ఉంటే ఆ రెండు లెక్కల పథకం సాగేది కాదు. "స్పానిష్ అయితే యూనివర్సిటీలకు బాగా కనబడుతుంది" అని హెచ్చరించినవాళ్లున్నారు. యూసీ కూడా భాష మూడేళ్లు ఉంటే మేలంటుంది, నిజమే. కాని చేతిలో మూడేళ్లే ఉన్న పిల్ల తొమ్మిదేళ్లు చదివిన భాషను వదిలి కొత్త భాష అక్షరాలు దిద్దడం నాకు సబబుగా తోచలేదు. పన్నెండులో తెలుగు సామర్థ్య పరీక్ష రాసి ద్విభాషా ముద్ర కూడా తెచ్చుకుంది. డిప్లొమా మీద వేసే ఆ ముద్రను అమెరికాలో మొదట మొదలుపెట్టింది కాలిఫోర్నియాయే, 2012లో.

కర్ణాటక సంగీతం మాత్రం పనికి రాలేదు. ఏడేళ్లు నేర్చుకున్నా బయట నేర్చిన పాటకు కళల గడిలో చోటు లేదు. పదకొండులో చిత్రలేఖనం తీసుకుంది. ఆ గడికి ఏడాది పొడవునా ఒకే కళ ఉండాలి, ఒక సెమిస్టర్ కుండలు, ఒక సెమిస్టర్ నాటకం అంటే చెల్లదు. ఇంకో సంగతి. స్కూల్ కోర్సుల పుస్తకంలో ఉన్నవన్నీ యూనివర్సిటీ ఆమోదించినవి కావు. ఏ స్కూల్లో ఏ కోర్సుకు ఆమోదం ఉందో యూసీ వెబ్‌సైట్‌లో స్కూల్ పేరు కొట్టి చూసుకోవచ్చు. సంతకం పెట్టేముందు అది చూడటం రెండు నిమిషాల పని.

గ్రేడ్ల సంగతి మాకు కాస్త కష్టంగానే గడిచింది. యూసీ జీపీఏలో, అంటే గ్రేడ్ల సగటులో, లెక్కించేది పది, పదకొండు తరగతులనే. హైదరాబాద్ తొమ్మిదో తరగతి మార్కులు అందులోకి రావు, వాటిని దరఖాస్తులో ఉన్నవి ఉన్నట్టు రాయాలి, మనం గ్రేడ్లుగా మార్చకూడదు. అంటే కొత్త దేశంలో, కొత్త ఉచ్చారణ అలవాటు కాకముందే రాసిన మొదటి పరీక్ష నుంచీ అన్నీ లెక్కే. మన దగ్గర ఏడాదంతా ఎలా ఉన్నా చివరి పరీక్షలో గట్టెక్కవచ్చు. ఇక్కడ ప్రతి హోంవర్కూ ఆన్‌లైన్ గ్రేడ్ పట్టికలోకి ఎక్కుతుంది, ఆలస్యమైతే మార్కులు తగ్గుతాయి. మొదటి సెమిస్టర్‌లో చరిత్రలో బి వచ్చింది. తేదీలూ కారణాలూ అన్నీ రాసింది, తన వాదన ఏమిటో రాయలేదని టీచర్ వ్యాఖ్య. అలాంటి వ్యాసం రాయమని అంతకుముందు ఎవరూ అడిగి ఉండలేదు పాపం.

ఏపీ, అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి కోర్సుల మోజు గురించి చెప్పకపోతే బే ఏరియా తెలుగువాళ్ల అనుభవం పూర్తికాదు. ఎవరి పిల్లలు ఎన్ని తీసుకున్నారన్నది పెళ్లిళ్లలో కట్నం లెక్కలా గుసగుసగా చెప్పుకుంటారు. ఆమోదించిన ఏపీ, ఆనర్స్ కోర్సులకు యూసీ అదనంగా ఒక పాయింటు ఇస్తుంది, కాని ఎనిమిది సెమిస్టర్లకే, అందులో పదో తరగతివి నాలుగుకు మించకూడదు. ఆ తర్వాత ఎన్ని తీసుకున్నా ఈ జీపీఏ పెరగదు. క్యాంపస్‌లు మిగతావి చూడవని కాదు, చూస్తాయి. అయినా రాత్రి ఒంటిగంట దాకా కూర్చునే పిల్లను చూశాక, పదకొండులో రెండు చాలని నేనే గట్టిగా చెప్పాను. మా వారు ఓ వారం ముభావంగా ఉన్నారు.

హెల్త్ కోర్సు వేసవిలో ఆన్‌లైన్‌లో అయిపోయింది. ఇంకో వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో, స్టాటిస్టిక్స్ చదివింది. అక్కడ ఒక సెమిస్టర్ కోర్సు యూసీ దృష్టిలో హైస్కూల్ ఏడాది కోర్సుకు సమానం. హైస్కూల్ పిల్లలకు ఫీజు లేదు, పుస్తకాలు మనం కొనుక్కోవాలి. మంచి అవకాశమే, కాని అక్కడ వచ్చిన గ్రేడ్ కాలేజీ రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుందని గుర్తుంచుకోవాలి. డిప్లొమాకు ఎన్ని క్రెడిట్లు వేస్తారో కూడా ముందే స్కూల్లో రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

పన్నెండులో ప్రభుత్వం, ఆర్థికశాస్త్రం చెరో సెమిస్టర్, ఇంగ్లిష్, ఫిజిక్స్, కాలిక్యులస్. యూసీ దరఖాస్తు ఆగస్టులో తెరుస్తారు, అక్టోబరు 1 నుంచి పంపవచ్చు. అందులో కోర్సులు, గ్రేడ్లు పిల్లలే నింపాలి, ట్రాన్‌స్క్రిప్ట్, అంటే స్కూల్ ఇచ్చే కోర్సుల, గ్రేడ్ల పట్టిక, అప్పుడు అడగరు. సీటు ఒప్పుకున్నాక జులై 1 లోపు అధికారిక ట్రాన్‌స్క్రిప్ట్ పంపాలి, దరఖాస్తులో రాసినదానితో తేడా ఉంటే సీటు పోవచ్చు. చదివిన ప్రతి స్కూల్‌దీ కావాలి, హైదరాబాద్ తొమ్మిదో తరగతితో సహా. మేలో మన స్కూళ్లకు వేసవి సెలవులు, ఆఫీసులో ఎవరూ దొరకరు. అందుకే దేశం వదిలేటప్పుడే టీసీతో పాటు మార్కుల షీట్లు స్కూల్ ముద్ర వేసిన కవర్లలో సీలు చేయించి మూడు నాలుగు జతలు తెచ్చుకోండి. ఆ కవరును మాత్రం మీరు విప్పకండి, విప్పితే అది అధికారికం కాకుండా పోతుంది.