వాన ఎటు నుంచి కురిసింది?

ఆదివారం. పొద్దున్న తొమ్మిదింటికి బల్ల ముందు కూర్చున్నాను. పని ఆపి లేచేసరికి రాత్రి పది. మధ్యలో భోజనానికి లేచిన మాట నిజమే కానీ, గోళ్ల సందుల్లో గోధుమ రంగుతోనే తిన్నాను.

చేతిలో ఉన్నది ఒక రెండంతస్తుల పల్లె ఇల్లు. మూడు మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. (అదిమిన చెక్క పీచు) పలకలను లేజర్‌తో కోసి ఇచ్చిన కిట్. బల్ల మీద ఆడే యుద్ధక్రీడ కోసం, 28 మిల్లీమీటర్ల బొమ్మ సైనికుల కొలతకు చేసినది, అంటే దాదాపు 1:56, నిజం ఇంటిలో యాభై ఆరో వంతు. కొలత అనగానే అన్నీ ఆ లెక్కకే ఉంటాయనుకుంటే పొరపాటే. తొంభై సెంటీమీటర్ల తలుపును నిజాయితీగా కుదిస్తే పదహారు మిల్లీమీటర్లే వస్తుంది. సైనికుడు నిలబడే గుండ్రటి పీట 25 మిల్లీమీటర్లు. అందుకే ఈ ఇంటి గుమ్మం కోట ద్వారంలా ఉంటుంది. మొదట్లో నాకది కళ్లలో గుచ్చుకునేది. ఇప్పుడు గుమ్మం పక్కన రెండు పీపాలు అతికించి ఊరుకుంటున్నాను.

1824లో ప్రష్యా సైన్యాధికారులు యుద్ధక్రీడ ఆడినప్పుడు 1:8000 పటం పరిచి, దాని మీద చిన్న దిమ్మలు జరిపేవారట. వాళ్లకు ఇల్లంటే పటం మీద ఒక గుర్తు. అదృష్టవంతులు.

పొద్దుటి పూటంతా మూలలే తినేశాయి. గోడలు ఒకదానిలో ఒకటి దూరడానికి అంచుల్లో పళ్లు కోసి ఉంటాయి. ఎన్ని పూతలు వేసినా ఆ పళ్ల వరుస "నేను కిట్‌ని" అని చెబుతూనే ఉంటుంది. మందపాటి కాగితాన్ని చిన్న ముక్కలుగా కోసి, మధ్యకు మడిచి, ఒకటి పొడుగు ఒకటి పొట్టిగా మూలరాళ్లలా అంటించాను. నాలుగు మూలలకూ కలిపి అరవై నాలుగు రాళ్లు. ఆ మాత్రం పనికి మూడు గంటలు.

ఒక తప్పు కూడా చేశాను. లేజర్ కోసిన అంచుల మీద మసి ఉంటుంది, తుడవాలి. ఆ తరువాత ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే పూత, పట్టించాలి, ఎందుకంటే ఎం.డి.ఎఫ్. అంటే చెక్క పీచును జిగురుతో అదిమిన పలక, కోసిన అంచు తడిని గటగటా తాగేస్తుంది. ఇవన్నీ తెలిసీ, తొందరలో వెనక గోడ అంచుకు నీళ్లు ఎక్కువైన రంగు నేరుగా పూశాను. పీచు లేచి ఉబ్బింది. గరుకు కాగితంతో రుద్దితే కొంత తగ్గింది. మిగిలినది అలాగే ఉంది, చూసినప్పుడల్లా నా కన్ను అక్కడికే పోతోంది.

మధ్యాహ్నం గోడలకు వెలిసిన సున్నం రంగు, దాని మీద గోధుమ వాష్, అంటే నీళ్లలా పల్చటి రంగు. అది సందుల్లోకి జారి నీడలా నిలిచింది. ఆరాక, కుంచెలోని రంగంతా గుడ్డకు తుడిచేసి, ఎండు కుంచెతో ఎత్తుగా ఉన్న అంచులను మాత్రం తడిమాను. చాలామంది ఈ చివరి పనికి తెల్ల రంగు తీసుకుంటారు. అప్పుడు ఇల్లంతా పిండి చల్లినట్టు అవుతుంది. గోడ రంగులోనే కాస్త లేత ఛాయ చాలు.

తరువాత కిటికీల కింద నీటి చారలు, నేలకు ఆనుకుని బురద చిందిన మరకలు, గోడ అడుగున నాచు. నాలుగు గోడలకూ ఓపికగా వేసి, వెనక్కి వాలి చూసుకుంటుంటే అమ్మాయి వచ్చింది.

"నాన్నా, గోడలు ఎందుకలా మాసిపోయాయి?"

"వానకు తడిసి."

"వాన ఎటు నుంచి వచ్చింది?"

జవాబు లేదు. నాలుగు వైపులా ఒకే పొడవు చారలు, ఒకే ఎత్తు నాచు. అంత సమానంగా కురిసే వాన నేనెక్కడా చూడలేదు. ఆరు నెలలుగా ఇళ్లు చేస్తున్నాను, ఒక్కసారీ తోచలేదు. ఎక్కడ ఖాళీగా కనిపిస్తే అక్కడ మురికి పూయడమే నాకు తెలిసిన పద్ధతి.

సరే, పొగగొట్టం ఉన్న వైపు నుంచి వాన అని తీర్మానించాను. ఎదుటి గోడ మీది చారలు సున్నం రంగుతో కప్పేశాను. వానపడే గోడ మీద నాచును మోకాలెత్తు దాకా పెంచాను. మోకాలంటే సైనికుడి మోకాలు, ఎనిమిది మిల్లీమీటర్లు. గుమ్మం ముందు చూరు ఉంది కనుక అక్కడ గోడ పొడిగానే వదిలాను. తలుపు మీద మాత్రం, చేయి వేసి తోసే చోట, కొంచెం జిడ్డు మరక. ఇది ఎవరూ అడగలేదు, నా సరదా.

సాయంత్రం మిత్రుడు ఫోను చేశాడు. నాచు గురించి చెప్పబోతే, "మేడ మీద ఆరుగురు సైనికులు పడతారా?" అన్నాడు. పడతారు.

ఇక కప్పు. వారం రోజులుగా రాత్రుళ్లు అట్ట కోసి అంటించిన పెంకులు, రెండు వాలులకూ కలిపి 720. చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోవాలి, పై వరుస కింది వరుస మీదికి ఎక్కాలి, నిజం ఇంటి మీద నేసినట్టే. ఇవాళ రంగు పని కూడా అయింది. కొప్పు దగ్గర లేతగా, దిగువకు వచ్చేకొద్దీ ముదురుగా. మురిసిపోతూ తీసుకెళ్లి గోడల మీద పెట్టాను.

కూర్చోలేదు. ప్రైమర్, రంగు, వాష్, వార్నిష్ కలిసి గోడలను ఆ కాస్త మందం చేశాయి. కొత్తలో చక్కగా దిగిన కప్పు ఇప్పుడు ఒక మూల రెండు మిల్లీమీటర్లు లేచే ఉంది. సైనికులను లోపల పెట్టడానికి ఆటలో పదిసార్లు తీసి పెట్టాల్సిన కప్పు ఇది, బలవంతం చేస్తే పెంకులు ఊడతాయి. లోపలి అంచు గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టాను. తెల్లటి పొడి నేరుగా వెళ్లి, ఇంకా ఆరని నాచు మీద వాలింది.

కాగితం అక్కడే పెట్టి లేచాను. కప్పు పక్కన బోర్లించి ఉంది. మిగతాది రేపు, నాచు ఆరాక.