ఎడ్యుకేషన్ లోను: ఏ చదువుకు ఎంత అప్పు మిగులుతుంది (నా అనుభవం)

లోను అనగానే అందరూ ఫీజు చూస్తారు. నేను ముందు కోర్సు ఎన్నేళ్లో చూశాను. చదివినంత కాలం, ఆపైన సాధారణంగా మరో ఏడాది మారటోరియం. అప్పుడు ఈఎంఐ ఉండదు, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. చక్రవడ్డీ కాకపోయినా, గడువు తీరిన రోజున అదంతా అసలులో కలిసిపోతుంది.

10 శాతం మీద లెక్క వేశాను. బీటెక్‌కు ఏటా 1.5 లక్షలు, నాలుగేళ్లకు 6 లక్షలు. బ్యాంకు ఇచ్చే మొదటి వాయిదా మీద ఐదేళ్ల వడ్డీ, చివరి వాయిదా మీద రెండేళ్లది, మొత్తం 2.1 లక్షలు. ఈఎంఐ మొదలయ్యేనాటికి అప్పు 8.1 లక్షలు. పదేళ్లకు పెట్టుకుంటే నెలకు దాదాపు 10,700.

ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది, పైన మారటోరియం ఏడాది. ఏటా 2 లక్షల చొప్పున ఐదుసార్లు తీస్తే అసలు 10 లక్షలు, వడ్డీ 4.5 లక్షలు. అంటే బీటెక్‌లో అసలు నూటికి 35 రూపాయలు కలిస్తే ఇక్కడ 45. పైగా సరిగ్గా ఆ సమయానికే పీజీ సీటు కోసం మళ్లీ పుస్తకాలు పట్టాలి, జీతం ఉండకపోవచ్చు.

అమెరికా ఎంఎస్ రెండేళ్లే కాబట్టి వడ్డీ వాటా తక్కువ, అసలే పెద్దది. 11 శాతం మీద 40 లక్షలు నాలుగు సెమిస్టర్లుగా తీస్తే చివరికి దాదాపు 50 లక్షలు. అక్కడే ఉద్యోగం చేసి అప్పు తీర్చడానికి ఎంత సమయం దొరుకుతుందో సబ్జెక్టు మీద ఆధారపడుతుంది. యూనివర్సిటీ వీసా కోసం ఇచ్చే ఐ-20 పత్రం మీద ఉన్న సీఐపీ కోడ్ (కోర్సుకు ఇచ్చే సంఖ్య) స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలోదైతే, 12 నెలల ఓపీటీకి (చదువు తర్వాత అక్కడ పనిచేసే అనుమతి) మరో 24 నెలలు అడగొచ్చు. కాకపోతే 12 నెలలే. కోర్సు పేరు చూసి మోసపోవద్దు, కోడ్ అడగండి.

ఇక కాగితాలు. విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు, తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం, కాలేజీ ఇచ్చే ఏడాదివారీ ఫీజు పత్రం. ఎక్కువమంది ఇబ్బంది పడేది ఈ చివరిదానితోనే. అందులో ట్యూషన్ ఫీజు ఒక్కటే ఉంటే బ్యాంకు అంతవరకే మంజూరు చేస్తుంది. హాస్టల్, పుస్తకాలు, ల్యాప్‌టాప్ కూడా రాయించుకోండి. తర్వాత పెంచమంటే మళ్లీ మొదటి నుంచీ. ప్రభుత్వ బ్యాంకుల్లో మామూలుగా 7.5 లక్షలు దాటితే తాకట్టు అడుగుతారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే కన్వీనర్ సీటైతే మిగిలిన తేడాకే లోను తీయడం మేలు.

సబ్సిడీలోనూ చదువును బట్టి తేడా ఉంది. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపుంటే మారటోరియం వడ్డీ కేంద్రమే భరించే పథకం వృత్తి, సాంకేతిక కోర్సులకే. మామూలు బీఏకు అది రాదు. పీఎం విద్యాలక్ష్మి అనే మరో కేంద్ర పథకంలో, ఎంపికైన సంస్థల్లో చదివేవారికి, ఆదాయం 8 లక్షల లోపుంటే, 10 లక్షల వరకు లోనుకు మారటోరియం కాలంలో వడ్డీ రేటులో 3 శాతం రాయితీ.

ఏటా తరువాతి వాయిదాకు మార్కుల మెమో, పాత రసీదు అడుగుతారు. మెమో ఆలస్యమైతే డబ్బూ ఆలస్యం, అందుకే గడువుకు నెల ముందే బ్రాంచికి ఇచ్చేయాలి. ఇంట్లో వీలుంటే వడ్డీ మాత్రం నెలనెలా కట్టండి. బీటెక్ మొదటి ఏడాదిలో అది 1,250 రూపాయలే. చాలా బ్యాంకులు ఇందుకు ఒక శాతం తగ్గిస్తాయి కూడా. ఆ తగ్గింపు ఉందో లేదో మంజూరు పత్రంలో సంతకానికి ముందే చూసుకోవాలి.