అన్నీ ఉన్నాయి, ప్రైమర్లు తప్ప

జనవరి మూడో శనివారం, 2024

వాడేసిన తూటాల ఖాళీ కేసులను ఇంట్లోనే మళ్ళీ నింపుకోవడం, అంటే రీలోడింగ్, నా హాబీ. దానికి కావలసిన ప్రైమర్లు దొరకడమే కష్టంగా ఉంది. స్టోర్ తొమ్మిదింటికి తెరుస్తారు. నేను 8:20కే వెళ్ళి నిలబడ్డాను, అప్పటికే ముందు ఏడుగురు ఉన్నారు. డాలస్ చలి, చేతిలో కాఫీ. తలుపు తీయగానే అందరం గన్ కౌంటర్ దగ్గరికే నడిచాం. స్మాల్ పిస్టల్ ప్రైమర్లు నాలుగంటే నాలుగే పెట్టెలు వచ్చాయట, మనిషికి ఒకటి. నా వంతు వచ్చేసరికి అలమరలో షాట్‌గన్ పౌడర్ డబ్బాలు తప్ప ఏమీ లేవు. ఇది వరుసగా మూడో శనివారం.

ఇంటికొచ్చి గ్యారేజ్‌లో సరుకు లెక్కపెట్టాను. 9 ఎంఎం పిస్టల్ ఖాళీ కేసులు 2,300, 124 గ్రెయిన్ల బుల్లెట్లు 1,500, పౌడర్ రెండు పౌండ్లు, ప్రైమర్లు 340. అంటే నేను చేయగలిగేవి 340 తూటాలే. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అదీ సంగతి.

రీలోడింగ్ తెలియనివాళ్ళకు రెండు మాటలు. తూటాలో నాలుగు భాగాలు: ఇత్తడి కేస్ (బయటి గొట్టం), ప్రైమర్ (అడుగున ఉండి నిప్పు రవ్వ ఇచ్చేది), పౌడర్ (మందు), బుల్లెట్ (ముందుకు దూసుకెళ్ళే మొన). కేస్ ఏరుకుని మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. పౌండ్ పౌడర్ అంటే 7,000 గ్రెయిన్లు. పిస్టల్ తూటాకు ఐదు గ్రెయిన్లు పోయినా పౌండుకు 1,400 వస్తాయి. ప్రైమర్ అలా కాదు, ప్రతి దెబ్బకూ ఒకటి ఖర్చే, ఇంట్లో చేసుకునేదీ కాదు. అమెరికాలో దీన్ని చేసే పెద్ద పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు: సీసీఐ, ఫెడరల్, వించెస్టర్, రెమింగ్టన్. వాళ్ళే తయారు తూటాలూ అమ్ముతారు కాబట్టి, గిరాకీ పెరిగితే ప్రైమర్లు ముందు అటు పోతాయి, మిగిలితే మనకు. 2020కి ముందు వెయ్యి ప్రైమర్లు 30, 35 డాలర్లకు దొరికేవి. కోవిడ్‌లో వంద దాటాయి. ఇప్పుడు 75కి దొరికితే లాటరీ తగిలినట్టు ఫోటో తీసి గ్రూపులో పెడుతున్నాం.

నేను ఈ హాబీలోకి వచ్చిందే ఆలస్యంగా. హెచ్-1బీ మీద ఉన్నన్నాళ్ళు, వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. గ్రీన్ కార్డ్ వచ్చాకే మొదలుపెట్టాను. అప్పటికే ఈ కరువు నడుస్తోంది.

ఫిబ్రవరి, రెండో వారం

ఆన్‌లైన్‌లో స్టాక్ కనిపించింది. ప్రైమర్లు, పౌడర్ పంపాలంటే హజ్‌మాట్ (ప్రమాదకర సరుకు) ఫీజు అని 20 డాలర్ల పైనే విడిగా వేస్తారు. వెయ్యి కొన్నా అదే, ఐదు వేలు కొన్నా దాదాపు అదే. అందుకే షూటింగ్ రేంజ్‌లో పరిచయమైన ఇద్దరితో కలిసి ఒకే ఆర్డర్ పెట్టాను. నా వాటా 2,000. ఎక్కువ కొని దాచడం నాకు నచ్చదు. ఎన్‌ఎఫ్‌పీఏ (అగ్ని ప్రమాదాల నివారణ సంస్థ) 495 కోడ్ ప్రకారం ఇంట్లో 10,000 ప్రైమర్లు, 20 పౌండ్ల పౌడర్ వరకు ఉంచుకోవచ్చు, అవీ వచ్చిన డబ్బాల్లోనే. పచ్చడి జాడీలోకి మార్చే తెలివితేటలు వద్దు.

పార్సెల్ వచ్చేలోపు కేసులు కడిగాను. డ్రమ్ములో నీళ్ళు, స్టీల్ పిన్నులు, కొంచెం సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు, రెండు గంటలు. మా ఆవిడ తొంగి చూసి, "ఏమండీ, ఇంత మిషనెందుకు? చింతపండు పెట్టి తోమితే పోదూ!" అంది. దేవుడి గదిలో దీపపు కుందులు ఆవిడ అలాగే మెరిపిస్తుంది. పులుపు చేసే పని ఒకటే, కాకపోతే 2,300 కుందులు తోమే ఓపిక నాకు లేదు. ఒక్క జాగ్రత్త: అమోనియా ఉన్న పాలిష్‌లు మాత్రం వాడొద్దు, ఇత్తడి పెళుసెక్కుతుంది.

ఫిబ్రవరి చివర

ప్రెస్ (తూటా భాగాలను నొక్కి బిగించే మిషన్) హ్యాండిల్ కిందికి లాగితే చేతికి ఒక చిన్న బిగుతు తెలుస్తుంది. నిన్న రాత్రి ఒకచోట అది తెలియలేదు, హ్యాండిల్ జారినట్టు దిగిపోయింది. ఆపి తీసి చూస్తే అది .380 కేస్, వేరే పిస్టల్ తూటాది. 9 ఎంఎం కేస్ 19 మిల్లీమీటర్ల పొడవు, ఇది 17. నేల మీంచి ఏరిన కుప్పలో కలిసిపోతే కంటికి తేడా తెలియదు. ఆ రాత్రికి పని ఆపేసి, కేసులన్నీ మూతి పైకి ఉండేలా ట్రేలో నిలబెట్టి చూశాను. పొట్టివి ఇంకో 11 దొరికాయి. తలకిందులుగా దిగి పాడైన ప్రైమర్లు ఇప్పటికి ఆరు. మామూలు రోజుల్లో అయితే పట్టించుకునేవాణ్ణి కాదు.

మార్చి

ఇక రైఫిల్ తూటాల సంగతి. 6.5 క్రీడ్‌మూర్‌కు నేను వాడే పౌడర్ హెచ్4350, తెగిన సేమియా ముక్కల్లా ఉంటుంది. ఆస్ట్రేలియాలోని ముల్వాలాలో తయారై ఇక్కడికి రావాలి. నాలుగు నెలలుగా ఆ డబ్బా మొహమే చూడలేదు. ఈ పౌడర్లన్నిటికీ మూలం నైట్రోసెల్యులోజ్. యుక్రెయిన్ యుద్ధం వచ్చాక ఫిరంగి గుండ్ల తయారీకి అదే కావలసి వచ్చింది. దానికి ముడిసరుకుల్లో ఒకటి పత్తి గింజ నూగు, జిన్నింగ్‌లో దూది తీసేశాక గింజకు అంటుకుని మిగిలేది. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో పత్తి బస్తాల మీదెక్కి ఆడుకున్నవాణ్ణి, ఆ నూగుకు ఇంత కథ ఉందని ఇక్కడికొచ్చి చదివి తెలుసుకున్నాను.

చివరికి స్టాబాల్ 6.5 రెండు డబ్బాలు దొరికాయి. ఫ్లోరిడాలో తయారయ్యే బాల్ పౌడర్, గసగసాల్లా జారుతుంది, కొలిచే మిషన్‌లోంచి ప్రతిసారీ ఒకే తూకం. అలాగని పాత లెక్క దీనికి పనికిరాదు. పౌడర్ మారితే మాన్యువల్ తెరిచి, ఆ పౌడర్‌కు ఇచ్చిన కనిష్ఠ మోతాదు నుంచి మొదలుపెట్టి క్రోనోగ్రాఫ్‌తో వేగం చూసుకుంటూ మెల్లగా పెంచాల్సిందే. మూడు ఆదివారాలు, 60 తూటాలు దానికే పోయాయి. 100 గజాల దగ్గర ఐదు దెబ్బలు 1.1 అంగుళాల్లో పడుతున్నాయి. పాత పౌడర్‌తో 0.7 వచ్చేది. ఇది చాలదని నాకూ తెలుసు, కానీ లేని పౌడర్‌తో సున్నా దెబ్బలు.

కొత్తగా 6.5 కేసులు కొనేవాళ్ళు ఒకటి చూసుకోండి. వీటిలో లార్జ్ రైఫిల్ ప్రైమర్ పట్టేవి, స్మాల్ పట్టేవి రెండు రకాలున్నాయి. ఈసారి నేను వంద స్మాల్ రకం తెప్పించాను. ఏ ప్రైమర్ దొరికితే దానికి సరిపడే కేసుల డబ్బా తెరుస్తాను. లోడ్ (పౌడర్ మోతాదు) మాత్రం దేనికది విడిగా చూసుకోవాలి.

ఏప్రిల్ మొదటి ఆదివారం

9 ఎంఎం తూటాలు 1,410 పూర్తి. చేతిలో మిగిలిన ప్రైమర్లు 924. నిన్న స్టోర్‌కి వెళ్తే అలమర నిండా స్మాల్ పిస్టల్ ప్రైమర్లే, మనిషికి ఇన్నే అన్న కాగితం కూడా పీకేశారు. గ్యారేజ్‌లో బుల్లెట్లు 90 మిగిలాయి. 124 గ్రెయిన్లవి అడిగితే, "శనివారం ట్రక్ వస్తుంది, పొద్దున్నే రండి" అన్నాడు కౌంటర్ కుర్రాడు.