ఆ 1.9 ఓమ్‌లు ఎక్కడివి?

మలక్‌పేటలోని మా పాత అపార్ట్‌మెంటులో గత డిసెంబరు నుంచి గీజర్ నీళ్లు కాగడం ఆలస్యమవుతూ వచ్చింది. అది 15 లీటర్ల గీజర్. దాని మీద 230 వోల్టులు, 2000 వాట్లు అని రాసి ఉంది. చూడడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ టెస్టర్ పెట్టి, కరెంటు బాగానే వస్తోందని, కాయిల్ మార్చాల్సిందేనని తేల్చేశాడు. కాయిల్ తెగితే నీళ్లు అసలు వేడెక్కవు కదా అన్న అనుమానంతో నేను కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి ఒక క్లాంప్ మీటరు (తీగను తెంచకుండా, దాని చుట్టూ పట్టించి కరెంటు కొలిచే పరికరం) కొని తెచ్చుకున్నాను.

మొదట తీగ మొత్తాన్ని మీటరు నోట్లో పెట్టి, సున్నా చూసి తెల్లబోయాను. పోయే కరెంటు, తిరిగి వచ్చే కరెంటు ఒకదాని అయస్కాంత క్షేత్రాన్ని మరొకటి రద్దు చేస్తాయి కాబట్టి ఒక్క తీగనే పట్టించాలి. అలా చూస్తే, గీజర్ నడుస్తుండగా ప్లగ్గు దగ్గర 207 వోల్టులు, 7.8 ఆంపియర్లు వచ్చాయి. జర్మన్ శాస్త్రవేత్త ఓమ్ 1827లో ప్రకటించిన నియమం ప్రకారం వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం 26.5 ఓమ్‌లు. గీజర్ మీది అంకెలను బట్టి 230 వర్గాన్ని 2000తో భాగించినా 26.45 వస్తుంది. కాయిల్‌కు ఏ లోపమూ లేదు.

ఇక వోల్టేజిని కరెంటుతో గుణిస్తే 1615 వాట్లు. వోల్టేజి పది శాతం తగ్గితే వేడి కూడా పది శాతమే తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. కాయిల్ నిరోధం దాదాపు మారదు కాబట్టి వోల్టేజితో పాటు కరెంటు కూడా తగ్గి, సామర్థ్యం పంతొమ్మిది శాతం పడిపోతుంది. నీళ్లను 25 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 18 నిమిషాలు చాలవలసిన చోట 23 నిమిషాలు పట్టడానికి కారణం ఇదే. (ఫ్యాను, ఫ్రిజ్ వంటి మోటారు సామానుకు వోల్టేజిని కరెంటుతో గుణించే లెక్క నేరుగా కుదరదు, ఆ గుణకారంలో ఎంత భాగం నిజమైన వాట్లో చెప్పే పవర్ ఫ్యాక్టర్‌తో కూడా గుణించాలి.)

అసలు సంగతి ఆ తర్వాత తెలిసింది. గీజర్ ఆపితే అదే ప్లగ్గు దగ్గర 222 వోల్టులు వచ్చాయి. మీటరు బోర్డు దగ్గర మాత్రం గీజర్ నడుస్తున్నప్పుడు కూడా 222 తగ్గలేదు. అంటే 15 వోల్టులు మా గోడల్లోనే పోతున్నాయి. పదిహేనును 7.8తో భాగిస్తే 1.9 ఓమ్‌లు. బోర్డు నుంచి బాత్రూముకు 15 మీటర్లు ఉంటుంది, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ రానుపోను 30 మీటర్లకు సుమారు 0.2 ఓమ్ మాత్రమే ఉండాలి. మిగిలిన నిరోధం తీగది కాదు, అతుకులది. అక్కడ వృథా అయ్యే సామర్థ్యం వంద వాట్ల పైమాటే. పాతిక వాట్ల సోల్డరింగ్ ఐరన్లు నాలుగు గోడలో వెలుగుతున్నట్టు లెక్క. టెస్టర్ తీసుకునే కరెంటు అత్యల్పం కాబట్టి ఆ అతుకుల్లో వోల్టేజి పడిపోవడం దానికి ఎప్పటికీ కనిపించదు.

మెయిన్ ఆపించి, వేరే ఎలక్ట్రీషియన్ చేత పెట్టెలు విప్పించాను. స్విచ్ వెనక ఒక స్క్రూ వదులై తీగ పైతొడుగు నల్లగా మాడి ఉంది. జంక్షన్ బాక్సులో తీగలను చేత్తో మెలిపెట్టి టేపు చుట్టి వదిలేశారు. మాడిన ముక్క కోసి రెండు చోట్లా కనెక్టర్లు బిగించాక ప్లగ్గు దగ్గర 220 వోల్టులు, 8.3 ఆంపియర్లు, అంటే 1826 వాట్లు చూశాను.