46 ఉండవలసిన చోట 45

చెన్నై ల్యాబు నుంచి వచ్చిన కారియోటైప్ (కణంలో క్రోమోజోములు ఎన్ని, ఎలా ఉన్నాయో చూసే పరీక్ష) రిపోర్టులో 45 అన్న అంకె చూడగానే, నెల్లూరు ఆసుపత్రి వరండాలో మా తమ్ముడి ముఖం పాలిపోయింది. 13వ, 14వ క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కున్నాయని దాని సారాంశం.

ఇలాంటి అమరిక వెయ్యిమందిలో దాదాపు ఒకరికి ఉంటుంది, అవసరమైన జన్యు పదార్థమేదీ పోదు కనుక మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. చిక్కంతా వీర్యకణాలు తయారయ్యేటప్పుడే వస్తుంది. అతుక్కున్న జంట సరిగా విడిపోకపోతే కొన్ని కణాల్లో ఒక క్రోమోజోము ఎక్కువో తక్కువో అవుతుంది, వాటితో ఏర్పడిన పిండం గర్భాశయంలో నిలవకపోవడమో, తొలి నెలల్లోనే గర్భం పోవడమో తరచుగా జరుగుతుంది. అయినా సరిగ్గా పంచుకున్న కణాలే ఎక్కువగా ఉంటాయని డాక్టరుగారు చెప్పినప్పుడు వాడు కాస్త తేరుకున్నాడు.

ఐవీఎఫ్‌లో ఐదో రోజు పిండం పైపొర నుంచి కొన్ని కణాలు తీసి పరీక్షించవచ్చు. ఆ పరీక్ష పిండాన్ని బాగుచేయదు, ఉన్నవాటిలో సరైనదాన్ని ఎంచుకోవడానికి మాత్రమే పనికివస్తుంది. ఎంచుకున్నదైనా నిలుస్తుందన్న హామీ లేదు.

ఇన్నాళ్లూ పిల్లల కోసం పెంచలకోనకు మొక్కులన్నీ మా మరదలిచేతనే మొక్కించారు. ఆమె రిపోర్టులో 46 ఉన్నాయి.

ఇది అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వచ్చి ఉండవచ్చు కనుక నన్నూ రక్తం ఇచ్చి వెళ్లమన్నారు, ఇచ్చాను.