కార్న్‌ఫ్లోర్ ద్రవంతో ప్రయోగాలు: ఇప్పటిదాకా తేలినవి

వేలు మెల్లగా దింపితే మునిగిపోతుంది. అదే వేలితో గబుక్కున పొడిస్తే గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. కార్న్‌ఫ్లోర్, నీళ్లు తప్ప అందులో ఇంకేమీ లేదు.

ముందు పాళ్ల సంగతి. కప్పుతో కొలవడం కంటే తూకం వేయడం మేలు. 100 గ్రాముల పిండికి 75 నుంచి 80 గ్రాముల నీళ్లు సరిపోతాయి. చివరి నీళ్లు చెంచాతో కొద్దికొద్దిగా పోయాలి. వేగంగా తిప్పితే బిగుసుకుని, ఆపగానే జారిపోతుంటే పాళ్లు కుదిరినట్టే. మైదా పనికిరాదు, అందులోని గ్లూటెన్ వల్ల సాగే ముద్ద తయారవుతుంది. కాసేపు కదపకుండా ఉంచితే పిండి అడుక్కి దిగుతుంది, కాబట్టి ప్రతి పరీక్షకు ముందు అడుగు నుంచి కలపాలి.

తర్వాత స్ప్రింగ్ త్రాసు. చెంచాను అడుగుదాకా దింపి, దాని పిడికి త్రాసు తగిలించి పైకి లాగాను. నెమ్మదిగా లాగితే ముల్లు పెద్దగా కదలదు. ఒక్క గుంజు గుంజితే ముల్లు ఎగిరిపోతుంది, చెంచాతో పాటు గిన్నె కూడా లేస్తుంది! తేనెలోనూ వేగం పెంచితే ఎదురు పెరుగుతుంది కానీ, వేగం రెట్టింపైతే ఎదురూ సుమారు రెట్టింపే. 1687లో న్యూటన్ చెప్పిన లెక్క అది. ఈ ద్రవం ఆ లెక్కకు లొంగదు, ఒక వేగం దాటగానే ఎదురు ఒక్కసారిగా ఎగబాకుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది టార్చి పరీక్ష. వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా వేసి, చెంచా వెనకవైపుతో ఉపరితలాన్ని గట్టిగా నొక్కాలి. నొక్కిన చోట మెరుపు పోయి, సుద్దలా మసకబారుతుంది, సన్నటి పగుళ్లు కూడా వస్తాయి. చెంచా తీసేస్తే పగుళ్లు పూడుకుని మెరుపు తిరిగొస్తుంది. దగ్గరదగ్గరగా ఉన్న రేణువులు కదలాలంటే ముందు ఎడం కావాలి, ఆ ఖాళీల్లోకి పైనున్న నీరు దిగిపోతుంది. ఇసుక లాంటి రేణువుల్లో ఈ గుణాన్ని ఆస్బర్న్ రేనాల్డ్స్ 1885లోనే వివరించాడు. మరి గట్టిపడటం ఎందుకంటే, మెల్లగా కదిపినప్పుడు రేణువుల మధ్య ఉన్న పలుచని నీటి పొర వాటిని జారనిస్తుంది. దెబ్బ పడితే ఆ పొర నలిగిపోయి, రేణువులు నేరుగా రాసుకుని ఇరుక్కుంటాయి.

టమాటా కెచప్‌ది దీనికి పూర్తిగా ఎదురు స్వభావం. సీసా ఊపితే లోపల అల్లుకున్న నిర్మాణం సడలి పలచనవుతుంది. టూత్‌పేస్టు కూడా నొక్కితేనే కదులుతుంది.

ఒక జాగ్రత్త: అయిపోయాక సింకులో పోయకండి, గొట్టం పూడుకుపోతుంది. ఆరబెట్టి చెత్తలో వేయాలి.

ఇక బంగాళాదుంప పిండితో చేయాలి. దాని రేణువులు కార్న్‌ఫ్లోర్ రేణువుల కంటే బాగా పెద్దవి, కాబట్టి ఇంకా తక్కువ వేగానికే బిగుసుకోవాలని నా అంచనా. అదే చెంచా, అదే త్రాసు వాడతాను.