ఎవలెత్‌లో శనివారం

పొద్దున లేచేసరికి బయట మైనస్ 22 డిగ్రీలు, అదీ సెల్సియస్‌లో. కారు స్టార్ట్ అవుతుందా లేదా అన్న టెన్షన్‌తోనే కిందికి దిగాను. అయింది. మావాడి టీమ్‌కి ఇక్కడ, మిన్నెసోటా రాష్ట్రంలోని ఎవలెత్‌లో, వీకెండ్ ఐస్ హాకీ టోర్నమెంట్. నిన్న సాయంత్రం స్కూలు వదలగానే బయల్దేరి, మిన్నియాపోలిస్ పక్కనున్న మా ఊరి నుంచి ఉత్తరంగా మూడున్నర గంటలు నడుపుకుంటూ వచ్చాను. మా ఆయన పాపతో ఇంట్లోనే ఉండిపోయారు. హాకీ విషయంలో మా ఇంట్లో డ్రైవరు, కిట్టు మోసే కూలీ, స్కేట్ల లేసులు బిగించే మనిషి అన్నీ నేనే.

ఈ ప్రాంతాన్ని ఇక్కడివాళ్లు రేంజ్ అంటారు. ఇనుప గనుల మీద పుట్టిన ఊళ్ల వరస: హిబ్బింగ్, వర్జీనియా (రాష్ట్రం కాదు, ఇక్కడి ఊరే), ఎవలెత్, ఇంకా చిన్నాచితకా. ఎవలెత్‌లో ఎవరైనా మొదట చూపించేది ఆ పెద్ద హాకీ స్టిక్. 110 అడుగుల పొడవు, అయిదు టన్నుల బరువు. మావాడు దాని ముందు నిలబడి ఫోటో దిగాడు. నేను గ్లవ్ తీసి రెండు ఫోటోలు కొట్టేలోగా వేళ్లు కొయ్యబారిపోయాయి. వీధిలో ఇంకెవరూ లేరు. మూతపడ్డ షాపులు నాలుగైదు, తెరిచి ఉన్నది ఒకటి. 1930లో ఏడు వేలకు పైగా జనం ఉన్న ఊరు ఇది. 2020 జనాభా లెక్కల్లో మూడున్నర వేలకు అటూ ఇటూగా తేలింది.

ఇంత చిన్న ఊరికి అంత పెద్ద స్టిక్ ఏమిటి అనుకునేవాళ్ల కోసం ఒక్క లెక్క చెప్తాను. 1938-39 సీజన్‌లో మొత్తం ఎన్‌హెచ్ఎల్‌లో, అంటే అమెరికా, కెనడాల పెద్ద హాకీ లీగ్‌లో, ఉన్నవే ఏడు జట్లు. అమెరికన్ ఆటగాళ్లు తక్కువ. అలాంటి రోజుల్లో ఆ ఏడు జట్లలో రెండింటికి గోలీలు (గోల్‌కీపర్లు) ఈ ఊళ్లో పెరిగినవాళ్లే. షికాగోకి మైక్ కరాకస్, బోస్టన్‌కి ఫ్రాంక్ బ్రిమ్‌సెక్. కరాకస్ అంతకు ముందు ఏడాదే, అంటే 1938లో, ఆ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచాడు. బ్రిమ్‌సెక్ వచ్చిన మొదటి సీజన్‌లోనే కప్పు గెలిచి, ఉత్తమ కొత్త ఆటగాడు, ఉత్తమ గోలీ అవార్డులు రెండూ పట్టుకుపోయాడు. మ్యాచ్ మీద మ్యాచ్‌లో అవతలివాళ్లకి ఒక్క గోలూ ఇవ్వకపోయేసరికి మిస్టర్ జీరో అని పేరు పెట్టారు.

కరాకస్ తర్వాత షికాగోకి శామ్ లొప్రెస్టీ గోలీగా వచ్చాడు. అతనూ ఎవలెత్ కుర్రాడే. 1941 మార్చి 4న బోస్టన్‌లో మ్యాచ్. బోస్టన్ వాళ్లు అతని మీదికి 83 షాట్లు కొట్టారు. 80 ఆపాడు. అయినా 3-2తో ఓడిపోయాడు. అవతలి గోల్‌లో నిలబడి ఉన్నది బ్రిమ్‌సెక్. అంతమంది జనం ముందు, ఆ ఐసుకి ఈ కొసనా ఆ కొసనా ఒకే ఊరి కుర్రాళ్లు.

మ్యాచ్ పదింటికి, హిప్పోడ్రోమ్‌లో. 1922లో కట్టిన రింక్ అది. మా సబర్బ్‌లో రింకులు షాపింగ్ మాల్‌లా ఉంటాయి, కాఫీ షాపుతో సహా. ఇక్కడ బెంచీ మీద దుప్పటి పరుచుకుని కూర్చోవాలి. నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఆయన మనవడు అవతలి టీమ్‌లో. అడక్కుండానే అల్యూమినియం ఫాయిల్ విప్పి ఒక ముక్క చేతిలో పెట్టాడు. పొటీట్సా అట. స్లొవేనియా వాళ్ల వంటకం. పల్చటి పిండిరేకులో వాల్‌నట్ ముద్ద పూసి, చుట్టచుట్టి కాలుస్తారు. కోసిన ముక్కలో ఆ చుట్లు వరసగా కనిపిస్తాయి. తీపి తక్కువ, నెయ్యి ఎక్కువ (వెన్న అనాలేమో). రెండో ముక్క నేనే అడిగి తీసుకున్నాను. ఆయన తాత గని పనికి స్లొవేనియా నుంచి వచ్చాడట. ఇటలీ, క్రొయేషియా, ఫిన్లాండ్, ఎక్కడెక్కడి వాళ్లో అలాగే వచ్చి పడ్డారు ఇక్కడ. ఒకరి భాష ఒకరికి రాని ఇళ్ల పిల్లలంతా కలిసి ఐసు మీదికెక్కారు.

మావాడికి పదేళ్లు. ఈ వయసు టీములని స్క్వర్ట్స్ అంటారు. మా బెంచీ మీద గోలీ కాకుండా పదమూడుమంది. అవతలి బెంచీ మీద లెక్కపెట్టాను, తొమ్మిదిమంది. అదీ ఒక్క ఊరి టీమ్ కాదు, రేంజ్‌లో మూడు నాలుగు ఊళ్లు కలిపితే వచ్చిన తొమ్మిది.

హాకీ తెలియనివాళ్లకి చెప్పాలంటే, ఐసు మీద గోలీ కాక అయిదుగురు ఉంటారు. నిమిషం లోపే ఒంట్లో ఉన్నదంతా పెట్టి ఆడి, బెంచీ మీదికి వచ్చి ఊపిరి పీల్చుకుంటారు. వేరేవాళ్లు దిగుతారు. ఎంతమంది ఉంటే అంత రెస్టు. మొదటి పీరియడ్‌లో ఆ తొమ్మిదిమంది మావాళ్లని ఒక ఆట ఆడుకున్నారు. అందులో పదో నెంబరు అమ్మాయి ఒకతి, పక్ (వాళ్లు కొట్టే రబ్బరు బిళ్ల) వైపు చూడనే చూడదు. తల ఎత్తుకుని పోతుంటే పక్ స్టిక్‌కి అంటుకుని వెళ్తోంది. మాకు ఎండాకాలం క్యాంపుల్లో డబ్బులు పోసి నేర్పించేది అదే. ఆ పిల్ల ఇంటి వెనక గడ్డకట్టిన చెరువు మీద నేర్చుకుందట, పెద్దాయన చెప్పాడు. రెండో పీరియడ్ అయ్యేసరికి వాళ్లు 3, మేము 2.

మూడో పీరియడ్‌లో వాళ్ల కాళ్లు ఆగిపోయాయి. ఏ తప్పూ లేదు, ఆట మర్చిపోలేదు, అంతే, ఆగిపోయాయి. ఆ అమ్మాయి బెంచీ మీదికి వచ్చి ఇలా కూర్చుందో లేదో కోచ్ మళ్లీ భుజం తట్టేస్తున్నాడు. మావాళ్లు మాత్రం మార్చి మార్చి దిగుతున్నారు. 6-3తో గెలిచాం. మా పేరెంట్స్ ఈలలు వేశారు, నేను కూడా చప్పట్లు కొట్టాను. మావాడు ఒక గోల్ కొట్టాడు మరి. కొట్టాక నా పక్కనున్న పెద్దాయన వైపు చూడటానికి కొంచెం మొహమాటం వేసింది. ఆయన మాత్రం "కుర్రాడు బాగున్నాడు, మోకాళ్లు ఇంకాస్త వంచమను" అన్నాడు.

మధ్యాహ్నం హోటల్ రూమ్‌లో పులిహోర డబ్బా తీశాను. మావాడు స్విమ్మింగ్ పూల్‌కి పరిగెత్తాడు. టోర్నమెంట్ అంటే వాళ్లకి సగం అదే కదా. నేను నాన్నకి ఫోన్ చేశాను. మాది కొత్తగూడెం. నాన్న సింగరేణి బొగ్గు గనుల్లో ఓవర్‌మన్‌గా, అంటే పని చూసే సూపర్‌వైజర్‌గా, చేసి రిటైరయ్యారు. గనుల ఊరు అనగానే ఆయనకి హాకీ గీకీ ఏమీ పట్టలేదు.

"ఆడ అండర్‌గ్రౌండా, ఓసీనా బిడ్డా?"

"మొదట్లో రెండూ ఉండేవంట నాన్నా. ఇప్పుడంతా ఓపెన్ కాస్టే."

"ఇంకేముంది మరి. ఓసీల ఒక్క పెద్ద షావెల్ దిగిందంటే ఎంతమందో ఇంటికి పోతరు."

అంతే. ఓసీ అంటే పైనుంచే తవ్వే ఓపెన్ కాస్ట్ గని, షావెల్ అంటే అందులో తవ్వి ఎత్తిపోసే యంత్రం. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. నేనేమో ఇక్కడి పాత కథలన్నీ ఏరుకుని తిరుగుతున్నా. సింగరేణిలోనూ 1990ల మొదట్లో లక్షమందికి పైగా పనిచేసేవాళ్లు, ఇప్పుడు నలభై వేలకు అటూ ఇటూ. ఖనిజం తీయడం ఇక్కడా ఆగలేదు, రైళ్లు పోతూనే ఉన్నాయి. తీయడానికి మనుషులే అక్కర్లేకుండా పోయారు. 1980ల్లో ఉక్కు మార్కెట్ పడిపోయినప్పుడు ఒక దెబ్బ. 2001లో రేంజ్‌లోనే హోయిట్ లేక్స్ అనే ఊళ్లో ఎల్‌టీవీ కంపెనీ గని మూతపడి ఒకేసారి 1,400 ఉద్యోగాలు పోవడం ఇంకో దెబ్బ. ఉద్యోగం లేనిచోట పాతికేళ్లవాడు ఉండడు. పాతికేళ్లవాడు లేనిచోట పదేళ్ల పిల్లలు ఎక్కణ్నుంచి వస్తారు?

ఇది చెప్తున్నది ఎందుకంటే, మా టీమ్ పేరెంట్స్‌లో ఒకాయన లంచ్ దగ్గర "రేంజ్ పిల్లల్లో ఇప్పుడు ఆ పట్టుదల లేదు, ఫోన్లు చెడగొట్టాయి" అన్నాడు. మన సబర్బ్ పిల్లల చేతుల్లో ఫోన్లు లేవు కాబోలు! పదో నెంబరు అమ్మాయిని ఆయన చూడలేదా అనిపించింది. మిన్నెసోటాలో పిల్లలు సాధారణంగా ఉన్న ఊరి క్లబ్‌కే ఆడాలి. కాబట్టి ఊళ్లో ఎంతమంది పిల్లలుంటే టీమ్ అంత బలం. పైగా పాత రోజుల్లో చలే ఇక్కడివాళ్ల పెట్టుబడి. మంచు ముందు పడేది, చెరువులు ముందు గడ్డకట్టేవి, పైసా ఖర్చు లేకుండా నెలల తరబడి ఆట. సబర్బుల్లో మెషీన్లతో ఐసు చేసే రింకులు వచ్చాక ఆ లాభం పోయింది. ఇప్పుడు జూలైలో కూడా ఐసు ఉంటుంది, గంటకి ఇంత అని కట్టగలిగితే. మంచి స్టిక్ ఒక్కటి 300 డాలర్లు. గని మూతపడిన ఇంట్లో అది ఎవరు కొంటారు?

మొదట్లో సంగతి వేరు. 1945లో మిన్నెసోటా హైస్కూల్ రాష్ట్ర టోర్నమెంట్ మొదటిసారి పెడితే గెలిచింది ఎవలెత్. తర్వాత 1948 నుంచి 1951 వరకు నాలుగేళ్లూ వాళ్లదే. ఆ నాలుగు టోర్నమెంట్లలో జాన్ మేయసిచ్ అనే కుర్రాడు 36 గోల్స్ కొట్టాడు, ఒక్క 1951లోనే 15. మొదటి మూడేళ్లు అతని వెనక గోల్‌లో నిలబడ్డవాడు విల్లార్డ్ ఐకోలా. ఇద్దరూ, ఇంకా అదే ఊరి జాన్ మ్యాచెఫ్ట్స్, 1956 ఒలింపిక్స్‌లో వెండి పతకం తెచ్చిన అమెరికా జట్టులో ఉన్నారు. మేయసిచ్ 1960లో బంగారం కూడా తెచ్చాడు.

నాకు అన్నిటికంటే ఐకోలా కథ వదలట్లేదు. చదువయ్యాక ఆయన మిన్నియాపోలిస్ పక్కనున్న ఎడైనాకి హైస్కూల్ కోచ్‌గా వెళ్లాడు. అప్పటిదాకా రాష్ట్రంలో హాకీ అంటే ఎక్కువగా ఉత్తరాదే, ఇంటర్నేషనల్ ఫాల్స్ వాళ్లు 1964, 65, 66 మూడేళ్లు వరసగా గెలిచారు. 1969 ఫైనల్లో ఎడైనా, ఉత్తరాది పల్లె వారోడ్‌ని ఓవర్‌టైమ్‌లో 5-4తో ఓడించింది. చిన్న ఊరి మీద డబ్బున్న సబర్బ్ గెలిచిన రోజుగా ఇక్కడ దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. గెలిపించిన కోచ్ ఎవలెత్ మనిషి. ఎడైనాకి ఆయన మొత్తం ఎనిమిది టైటిళ్లు తెచ్చిపెట్టాడు. ఊరి ఆట ఊరివాడి చేతుల మీదుగానే మా వైపుకి వచ్చేసింది. ఆయన్ని తప్పుపట్టడానికేముంది, ఉద్యోగం ఉన్నచోటికి వెళ్లాడు. నేను కొత్తగూడెం నుంచి రాలేదూ?

అలాగని రేంజ్ పని అయిపోయిందని రాస్తే అబద్ధమే. 1980 ఒలింపిక్స్‌లో సోవియట్ రష్యాని 4-3తో ఓడించిన అమెరికా జట్టులో ఎవలెత్ కుర్రాడు మార్క్ పావెలిచ్, వర్జీనియా నుంచి జాన్ హారింగ్టన్, బాబిట్ నుంచి బజ్ ష్నైడర్, ముగ్గురూ ఒకే లైన్‌లో, అంటే కలిసి ఐసు మీదికి దిగే ముగ్గురు ఫార్వర్డులుగా, ఆడారు. గెలుపు గోల్‌కి పక్ అందించింది పావెలిచ్. 2018లో స్టాన్లీ కప్ ఎత్తిన వాషింగ్టన్ జట్టులో వర్జీనియా కుర్రాడు మాట్ నిస్కానెన్ ఉన్నాడు. 2017లో రేంజ్ పడమటి కొసనున్న గ్రాండ్ ర్యాపిడ్స్, హైస్కూల్ రాష్ట్ర టోర్నమెంట్‌లో పెద్ద స్కూళ్ల టైటిల్ గెలిచింది. కాకపోతే ఇప్పుడు చిన్న స్కూళ్లకి వేరే విభాగం పెట్టారు, అది దయో మర్యాదో మరి. ఎవలెత్ హైస్కూల్ పేరైతే లేనే లేదు. పక్క ఊరు గిల్బర్ట్‌తో ముందే కలిసిపోయింది, తర్వాత వర్జీనియాతో కలిసి రాక్ రిడ్జ్ అయింది. 2023లో కొత్త బిల్డింగ్ తెరిచారు. ఎన్నో ఏళ్లు ఒకరి మీద ఒకరు పళ్లు నూరుకున్న రెండు ఊళ్ల పిల్లలు ఇప్పుడు ఒకే జెర్సీ వేసుకుంటున్నారు.

సాయంత్రం రెండో మ్యాచ్ ఓడిపోయాం, దాని గురించి రాయడానికేమీ లేదు. రూమ్‌లో తడి గ్లవ్స్, ప్యాడ్లు హీటర్ పక్కన ఆరేశాను. ఆ కంపు ఎవరికి చెప్పుకోను. పడుకునే ముందు మావాడికి లొప్రెస్టీ కథ చెప్పాను, 83 షాట్లు అంటే కళ్లు పెద్దవి చేసుకుంటాడని.

"ఓడిపోయాడు కదమ్మా" అన్నాడు.

యుద్ధంలో అతనున్న ఓడని టార్పెడోతో కొట్టి ముంచేస్తే, లైఫ్‌బోట్‌లో సముద్రం మీద 42 రోజులు బతికాడని చెప్పాను. అప్పుడు లేచి కూర్చున్నాడు. ఏం తిన్నాడు, నీళ్లెలా, షార్కులు వచ్చాయా, ఒకటే ప్రశ్నలు. పదిన్నర దాటింది. చివరికి, "అమ్మా, వచ్చే సంవత్సరం నేను గోలీ అవుతా" అని తేల్చాడు.

గోలీ ప్యాడ్లు ఎంతో తెలుసా, మీ నాన్నని అడుగు అన్నాను. ఈ వయసువాళ్లకి క్లబ్ వాళ్లే ఉత్తినే ఇస్తారట. వాడు అది కూడా కోచ్ దగ్గర కనుక్కునే వచ్చాడు.